స్వేచ్ఛా సిస్టముల వంశవృక్షము

(సికింద్రాబాదు కార్ఖానాలోని పఠనమందిరమున గత ఆదివారము సాయంకాలము చేసిన ఉపన్యాసము)



ఈ పేటకు కార్ఖానా యని పేరు. కార్ అనగా పని, ఖానా అనగా ఇల్లు. పారసీకమునుండి ఉర్దూ మూలముగా మన నోటికి వచ్చిన మాట. లష్కరు దండు నీడను పెరిగిన ఈ పేటలో నేడు మేడలు, మందుల అంగళ్లు, ట్యూషను బోర్డులు తప్ప పనియింటి జాడ అంతగా కన్పట్టదు గాని, పేరుమాత్రము నిలిచినది. మేము చెప్పబోవునదియు ఒక పనియింటి కథయే. దానికి గోడలు లేవు, ఒక్క యజమాని లేడు, పనివారిలో అనేకులకు కూలి లేదు. అయినను 30 ఏండ్లకు పైబడి అహోరాత్రములు అందు పని నడచుచునే యున్నది.

సందర్భము మీ కెఱుకయే. ఈ పఠనమందిరమున ఏడు కంప్యూటరులు కలవు. వానిలోని ఆపరేటింగు సిస్టమునకు ఇకమీద మరమ్మతులు చేయబోమని దానిని విక్రయించినవారు ప్రకటించిరి. వారి కొత్త సిస్టమును ఎక్కింతమన్నచో, అది కోరు రక్షణచిప్పు ఈ పాత యంత్రములలో లేదు. యంత్రములు చెడలేదు, తెర వెలుగుచున్నది, మీటలు కదలుచున్నవి. చెడినది హక్కు. కార్యవర్గమున సగముమంది, వీనిని పార్కులేనులోని చెనాయ్ ట్రేడు సెంటరుకు తీసికొనిపోయి వచ్చినంతకు తెగనమ్మి, చందాలు పోగుచేసి కొత్తవి కొందమనిరి. తక్కిన సగము స్వేచ్ఛా సిస్టములు వేయుదమనిరి. వీరిలో మరల చీలిక. ఒకరు ఉబుంటు అనిరి, ఒకరు ఫెడోరా అనిరి, ఇంజనీరింగు చదువుచున్న ఒక చిన్నవాడు ఆర్చి తప్ప అన్యము ముట్టననెను. ఇన్ని యెందుకయ్యా, ఒక్కటి చాలదా యని ఒక పెద్దమనిషి విసుగుకొనిరి. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే మమ్మిచట నిలువబెట్టినారు. మేము న్యాయవాదులమే గాని ఇంజనీర్లము కాము. కావున మా వృత్తికి తెలిసిన దారిని, వంశమును, దాయమును, విభాగమును పట్టుకొని చెప్పెదము.

ముందుగా మా గోడు ఒకటి వినిపింతుము. వృత్తిలో ప్రవేశించిన తొలిదినములలో దావాలు, నోటీసులు, వీలునామాలు తెలుగున టైపు చేయించుటకు ఒక సాఫ్ట్‌వేరు కొంటిమి. దాని అక్షరములు దానికే చెల్లును, యూనికోడు కాదు. కంప్యూటరు వెనుక చిన్న తాళపుముక్క గుచ్చిననే అది పలుకును. ఏండ్లు గడచినవి, తాళపుముక్క పాడైనది, అమ్మినవాడు దుకాణము కట్టివేసెను. నేడు ఆ ఫైళ్లు తెరచినచో తెలుగునకు బదులు డాలరు గుర్తులును, ఇంగ్లీషు విరామచిహ్నములును, కొక్కిరిగీతలును వరుస తీర్చి నిలుచుచున్నవి. కక్షిదారు ఒకామె తన తండ్రి వీలునామా చిత్తుప్రతి కావలెనని వచ్చినపుడు, మా గదిలో, మా డిస్కులో, మేమే వ్రాయించిన దానిని చదువజాలక తలవంచుకొంటిమి. ఈ విషయమున స్వేచ్ఛ యను మాటకు అర్థమేమో నాడు మాకు తెలిసినది. అది వెల లేకుండుట కాదు; ఉచితముగా వచ్చినదానికిని తాళముండవచ్చును. ఇంగ్లీషువారికి ఈ రెండింటికి ఒకే మాట యగుటచే వారెప్పుడును తికమకపడుచు, ప్రతి సభలో వివరణ చెప్పుకొనవలసి వచ్చుచున్నది. మన భాషకు ఆ బాధ లేదు.

ఇక వంశకథ. మూలపురుషుడు యూనిక్సు. 1969లో అమెరికాలోని బెల్ లాబొరేటరీసున కెన్ థామ్సను, డెనిస్ రిచీ మొదలగువారు దానిని పుట్టించిరి. ఆ పరిశోధనాలయము ఏటీ అండ్ టీ యను టెలిఫోను కంపెనీది. ఆ కంపెనీకి అమెరికా ప్రభుత్వముతో నడచిన వ్యాజ్యము 1956లో రాజీపడి, టెలిఫోను వ్యాపారము దాటి వేరు వ్యాపారములలో దిగరాదని డిక్రీ యయ్యెను. అందుచే యూనిక్సును సరకుగా అంగట పెట్టజాలక, విశ్వవిద్యాలయములకు స్వల్పరుసుముపై సోర్సుకోడుతో సహా ఇచ్చుచుండెను. సోర్సుకోడనగా మనుష్యుడు వ్రాసిన మూలపాఠము. యంత్రమునకు అందునది దానినుండి మార్చిన అంకెల రూపము. మూలపాఠము చేతనున్నవాడు తప్పు దిద్దగలడు, కొత్తది చేర్చగలడు. అంకెల రూపము మాత్రమున్నవాడు ఎవరో వండినది వడ్డించినట్లు తినవలసినదే. ఒక రాజీడిక్రీలోని వాక్యము కంప్యూటరు చరిత్రను మలుపు త్రిప్పినదని చెప్పుకొనుట మా వృత్తివారికి కొంచెము గర్వకారణము. 1984లో ఆ కంపెనీ ముక్కలుగా విభజింపబడి పాత కట్టు తొలగెను. తొలగగనే యూనిక్సు అంగడి సరకయ్యెను.

కాని అప్పటికే బర్క్లీలో ఒక శాఖ మొలకెత్తినది. అచటి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు, వారిలో బిల్ జాయ్ ప్రముఖుడు, యూనిక్సునకు తమ చేర్పులు చేర్చి 1978 నుండి బీఎస్‌డీ యను పేర పంచసాగిరి. క్రమముగా కంపెనీ వ్రాసిన భాగములను ఒక్కొక్కటిగా తీసివైచి తమ వ్రాతను పెట్టిరి. 1992లో కంపెనీ పక్షమువారు దావా వేసిరి. 1994లో రాజీ కుదిరెను. సుమారు 18,000 ఫైళ్లలో తొలగింపవలసి వచ్చినవి మూడు! మరి డెబ్బదింటికి కాపీరైటు సూచన చేర్చిన చాలునని తేలెను. ఆ మూడింటి కొఱకు రెండేండ్లు, వాడవలెనా మానవలెనా యని లోకము సందేహించుచు కూర్చుండెను. వ్యాజ్యమున గెలిచి కాలమున ఓడినవారిని మేము కోర్టులలో నిత్యము చూచుచుందుము.

ఆ శాఖ సంతానము నేటికిని పచ్చగా నున్నది. ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ 1993లో పుట్టినవి. మొదటిది పెద్ద సర్వర్లకు పేరొందినది. రెండవది మూలబడిన యంత్రముపైనను నడుచునని ప్రతీతి. నెట్‌బీఎస్‌డీలో తోడివారితో పొసగక థియో డి రాట్ అనునాయన 1995లో పొయ్యి వేరుచేసి ఓపెన్‌బీఎస్‌డీ యనెను. భద్రతయే ఆ ఇంటి వ్రతము. దూరపు యంత్రముతో గుప్తముగా మాటాడుటకు నేడు లోకమంతయు వాడు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఆ వేరింటిలో పుట్టినదే. కలసియుండుట మంచిదని మనము నేర్చినాము గాని, వేరుపడు హక్కు లేనిచో ఆ పనిముట్టు మనకు లేకపోయెడిదేమో.

రెండవ శాఖకు యూనిక్సుతో రక్తసంబంధము లేదు. నడవడి మాత్రమే పోలిక. రిచర్డ్ స్టాల్‌మన్ అనునాతడు ఎం.ఐ.టి. ప్రయోగశాలలో పనిచేయుచుండగా, అచటి ప్రింటరును తమ అవసరమునకు దిద్దుకొందమన్న దాని సోర్సు దొరకకపోయెను. ఇట్టి అనుభవములు పేరుకొని, 1983 సెప్టెంబరు 27న, యూనిక్సువలె నడుచుచు అందులోని పంక్తి ఒక్కటైనను లేని స్వేచ్ఛా సిస్టమును నిర్మింతునని ఆయన ప్రకటించెను. దానికి గ్నూ యని పేరు పెట్టెను. 1989లో జీపీఎల్ అను లైసెన్సును వెలువరించెను. పనిముట్లన్నియు సిద్ధమైనవి; కెర్నెలు మాత్రము కుదురలేదు. కెర్నెలనగా యంత్రమునకును పనిముట్లకును నడుమ కూర్చుండి ఎవరికెంత పొద్దు, ఎవరికెంత చోటని పంచిపెట్టు దివాను వంటిది. 1991 ఆగస్టు 25న హెల్సింకీ విశ్వవిద్యాలయమున చదువుచున్న 21 ఏండ్ల లినస్ టోర్వాల్డ్సు, సరదాకు ఒక చిన్న సిస్టము వ్రాయుచున్నానని తోటివారికి తెలియజేసెను. ఆ కెర్నెలే లినక్సు. మొదట అతడు పెట్టిన లైసెన్సు డబ్బు తీసికొని పంచుటను నిషేధించెను. 1992లో దానిని వదలి జీపీఎల్ క్రిందకు వచ్చెను. దివాను లేని సంస్థానమునకు దివాను దొరకెను. కెర్నెలుపేరే అంతటికి పెట్టుట న్యాయము కాదని, గ్నూ లినక్సు అనవలెనని స్టాల్‌మన్ పక్షమువారి వాదము. వారి దావా నిజమైనదే గాని వాడుక వారి మాట వినలేదు.

ఈ రెండు శాఖల నడుమ అసలు భేదము తెరపై కనుపించునది కాదు, పత్రములో నున్నది. తెలుగుదేశపు హిందూ కుటుంబములకు తరతరములుగా చెల్లినది మితాక్షర. విజ్ఞానేశ్వరుని ఆ గ్రంథమును 13వ శతాబ్దమున కేతన తెనిగించినాడు. దాని ప్రాణము ఒక్క మాటలో నున్నది: పూర్వుల ఆస్తిలో బిడ్డకు హక్కు పుట్టుకతోనే వచ్చును, తండ్రి దయచేత కాదు. (కూతుళ్లకు ఈ జన్మహక్కు 1986 నాటి సవరణ చట్టముచే మన రాష్ట్రమున ముందు వచ్చి, 2005లో దేశమంతకు వచ్చినది. వంద మాటల సంస్కరణకన్న ఒక్క సెక్షను మేలని మా అనుభవము.) వంగదేశమున చెల్లిన దాయభాగము ప్రకారము తండ్రి బ్రదికియున్నంతకాలము పంచుమని అడుగుటకు కొడుకులకు వీలులేదు. కంపెనీ సిస్టము కొన్నవాడు దాయభాగపు కొడుకు. జీపీఎల్ మితాక్షర మార్గము: ప్రతి గ్రహీతకును, ప్రతి చేతిమార్పునను, సోర్సుపై హక్కు పుట్టును. దిద్దవచ్చును, అమ్మవచ్చును, ఇంట వాడుకొన్నంతకాలము అడుగువాడు లేడు, కాని పరులకిచ్చునపుడు మూలపాఠమును, తాను పొందిన హక్కును వెంట ఇచ్చి తీరవలెను. బర్క్లీవారిదో, నిరుపాధికదానము. మా పేరు చెరపకుడు, నష్టమునకు మమ్ముడుగకుడు, తక్కినది మీ యిష్టమనుటయే ఆ పత్రసారాంశము. అందుచేతనే ఆపిల్ వారి కంప్యూటరు సిస్టము పునాదిలో బర్క్లీ రాళ్లు కనుపించును. సోనీవారి ప్లేస్టేషను 4 ఫ్రీబీఎస్‌డీనుండి మలచినదే. పుచ్చుకొన్నవారు తలుపు మూసికొన్నను దాతలకు విచారము లేదు; దానమిచ్చి లెక్కలడుగుట తమ మతము కాదందురు. ఉదారమైన మాటయే. మా మనస్సు మాత్రము మితాక్షర వైపే మొగ్గును.

ఇట్టి లైసెన్సులు కోర్టులో నిలుచునా యని అడుగుదురు. 2004లో జర్మనీలో మ్యూనిక్ న్యాయస్థానము జీపీఎల్ షరతు తప్పిన కంపెనీపై ఇంజంక్షనును ఖాయపరచినది. 2008లో అమెరికా ఫెడరలు అప్పీలుకోర్టు, బొమ్మరైళ్లు నడుపు ఒక స్వేచ్ఛా ప్రోగ్రామును గూర్చిన వ్యాజ్యమున, ఉచితముగా ఇచ్చినంతమాత్రమున షరతులు నీటిమీది వ్రాతలు కావని తీర్పు చెప్పినది. మన 1957 కాపీరైటు చట్టము కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యరచనల వర్గముననే చేర్చినది. కావ్యమునకును కెర్నెలునకును చట్టదృష్టిలో ఒకే పీట.

ఇప్పుడు పెద్దమనిషిగారి ప్రశ్నకు వత్తము: లినక్సు ఒక్కటే గదా, ఇన్ని పేర్లెందుకు? బీఎస్‌డీ ఇండ్లలో కెర్నెలును పనిముట్లును ఒకే ఇంటివారు కలసి వ్రాయుదురు. లినక్సులో కెర్నెలు ఒకచోట, గ్నూ పనిముట్లు ఒకచోట, తెరమీది అలంకారము మరియొకచోట తయారగును. వీనినన్నిటిని తెచ్చి, పరీక్షించి, ప్యాకేజీలుగా మూటగట్టి మన చేతికిచ్చువారు వేరు. ఆ సమగ్రమైన మూటకే డిస్ట్రో యని వ్యవహారము. బియ్యమొక్కటే, వంటయిండ్లు వేరు. 1993లోనే రెండు వంటయిండ్లు పొగరాజినవి. జూలైలో వెలువడిన స్లాక్‌వేరు నేడు బ్రదికియున్న డిస్ట్రోలలో కురువృద్ధుడు. పాట్రిక్ వోల్కర్డింగు నాటినుండి నేటివరకు దానిని కనిపెట్టుకొని యున్నాడు. ఆగస్టులో ఇయన్ మర్డక్ తన పేరును, తన ప్రియురాలు డెబ్రా పేరును కలిపి డెబియన్ అనెను.

మాకు డెబియన్ మీద పక్షపాతము కలదని ముందే ఒప్పుకొందుము. ఏలయన, ఇది కంపెనీ కాదు. వ్రాతపూర్వకమైన రాజ్యాంగము గల సంఘము. 1997లో సామాజిక ఒడంబడికయు, 1998లో రాజ్యాంగమును ఆమోదించుకొనిరి. దేశదేశములలో చెదరియున్న సుమారు వేయిమంది సభ్యులు ఏటేట నాయకుని ఎన్నుకొందురు. ఓటరు అభ్యర్థులను తన మెప్పు చొప్పున వరుస పెట్టును. ఆ వరుసలో ‘వీరెవ్వరును వద్దు’ అను గడికూడ నుండును. మన ఓటుయంత్రముపైకి నోటా మీట 2013లోగాని రాలేదు! డెబియన్ కడుపున పుట్టిన బిడ్డలు అనేకము. మార్క్ షటిల్‌వర్తు ధనసహాయమున 2004 అక్టోబరులో వెలువడిన ఉబుంటు వారిలో లోకప్రసిద్ధము. ఒకకాలమున అడిగినవారికెల్ల ఇంటికి సీడీలు టపాలో పంపెడివారు, మా ఇంటికిని వచ్చినవి. ఉబుంటునుండి 2006లో మింటు. సీడాక్ వారు మన దేశమునకై సిద్ధపరచిన బాస్ డెబియన్ వంశమే. మా వృత్తిబంధువులకు ఒక సంగతి: సుప్రీముకోర్టు ఈ-కమిటీవారు జిల్లా న్యాయస్థానములకు ఎన్నుకొన్నది ఉబుంటునే. న్యాయాధిపతులు దానితో పని గడుపుకొనినారు గదా, మన పఠనమందిరమున పత్రికలు చదువుటకు అది చాలదా!

రెడ్ హ్యాట్ వంశము కథ వేరు. అందు చూచి నేర్వవలసినది కలదు. 1990ల నడుమ పుట్టిన ఈ కంపెనీ, సోర్సు అందరికినిచ్చి, భరోసాను మాత్రము విక్రయించి బాగుపడినది. 2003లో ఫెడోరాను ప్రజల ప్రయోగశాలగా విడిచి, పక్వమైనదానిని సంస్థలకు అమ్మసాగెను. అమ్మకపు సరకు సోర్సు బహిరంగమే గనుక, దానినే తిరిగి కట్టి 2004లో కొందరు సెంటాస్ అను పేర ఉచితముగా ఇచ్చిరి. లక్షల సర్వర్లు దానిపై నిలిచినవి. 2014లో రెడ్ హ్యాట్ సెంటాస్‌ను తన ఇంటికి తెచ్చుకొనెను. 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు రెడ్ హ్యాట్‌నే కొనెను. 2020 డిసెంబరులో ఒక ప్రకటన: 2029 వరకు సాగునని జనులు నమ్మిన సెంటాస్ 8, 2021తో సరి. అద్దెయింటివానికి నోటీసు ఇచ్చినట్లు ఏడాది గడువు. ఇదియే కంపెనీ సిస్టమైనచో కథ అంతటితో ముగియును. ఇచట ముగియలేదు. నెలలలోనే ఆల్మా, రాకీ అను రెండిండ్లు లేచినవి. సెంటాస్ స్థాపకులలో ఒకరైన గ్రెగరీ కుర్ట్‌జర్, నాడు తనతో పనిచేసి కన్నుమూసిన సహచరుని పేరనే రాకీ యని నామకరణము చేసెను. 2023 జూనులో రెడ్ హ్యాట్ మరియొక అడుగు వేసి, తన సరకు సోర్సును కొనుగోలుదారులకే పరిమితము చేసెను. పుచ్చుకొన్నవానికి సోర్సు ఇయ్యవలెనన్నది జీపీఎల్ అక్షరము. ఆ అక్షరము తప్పలేదు. పొందినవాడు పరులకిచ్చినచో వానితో ఒప్పందము రద్దుచేయవచ్చుననుట మాత్రము షరతు భావమును గొంతుపట్టుటయని మా అభిప్రాయము. కాదని వాదించు ప్లీడర్లును కలరు. ఏమైనను ఆల్మా, రాకీ బ్రదికియే యున్నవి.

తక్కినవారిని త్వరగా పలుకరించి పోదము. జర్మనీలో పెరిగిన సూసే; అంతయు స్వయముగా కట్టుకొమ్మను జెంటూ; 2002లో వెలువడిన ఆర్చి. ఆర్చిలో కొత్త సరకు వచ్చినది వచ్చినట్లే చేరుచుండును. నేర్చుకొనువానికి అమృతము, వందమంది వాడు గదికి మాత్రము తగదు. చిన్నవాడు కోపగింపకుండును గాక. మీ జేబులోని ఆండ్రాయిడు ఫోనున సైతము కెర్నెలు లినక్సే. అయినను అందులో మీ మాట ఎంత చెల్లునో మీకే తెలియును. దివాను మంచివాడైనంతమాత్రమున కోట మనదగునా?

మన ఇంటి సంగతి. 2005లో హైదరాబాదున, అదివరకు ఫ్రీ సాఫ్ట్‌వేరు ఫౌండేషను ఆంధ్రప్రదేశ్ అని పిలువబడిన సంఘమువారు స్వేచ్ఛ యను పేర తెలుగు సిస్టమును వెలువరించి, పిదప ఆ పేరునే తాము ధరించిరి. ఇంజనీరింగు కళాశాలలలో విద్యార్థుల సంఘములను నడిపిరి. శ్రీ తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారి పోతన, వేమన ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుపై డెబియన్ భాండారమున చేరినవి. భాగవతమును రాజులకు అంకితమీయనన్న కవి పేరు తగినచోటనే చేరినది. సిలికానాంధ్రవారి చొరవతో వచ్చిన ఫాంట్లలో ఒకటి సురవరము. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన ప్రతాపరెడ్డిగారి స్మృతి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము నెలకొల్పిన పెద్దలకు, తెలుగు చదువుటకు చోటు లేదన్న బాధ. అక్షరములిపుడు కలవు, చోటును కలదు. లేనిది చేతులు. సిస్టము ప్రతి కొత్త ప్రతిలో కొత్త వాక్యములు ఇంగ్లీషున పుట్టుచుండును. వానిని తెనిగించువారు లేనినాడు, తెరపై సగము తెలుగు, సగము ఇంగ్లీషు అయి, ఏటేట మన సగము తరుగుచుండును. దీనికి ఏ కంపెనీని దూషింపజాలము. తలుపు తీసియే యున్నది, లోపలికి పోయినవారు కొద్దిమంది.

కావున మేము కార్యవర్గమునకు నివేదించినది ఇది. ఆరు యంత్రములలో డెబియన్ వేయుదము. ఏడవది 32 బిట్లది. డెబియన్ 13వ ప్రతి, అనగా 2025 ఆగస్టునాటిది, అట్టివానిపై కొత్తగా ఎక్కదు. దానిపై నెట్‌బీఎస్‌డీ వేసి చూతము. బర్క్లీవారి ఋణమును కొంత తీరినట్లగును. చిక్కులు లేవని చెప్పము. పాత ప్రింటరు పేచీ పెట్టవచ్చును. మా డిజిటలు సంతకపు టోకెను పలుకుటకు మేము ఇంట రెండు రాత్రులు జాగరము చేసితిమి. తెలుగు టైపు నేర్చినవారు ముగ్గురు దొరకినచో, మంగళ, శుక్రవారములు సాయంకాలము కూర్చుండి రోజునకు ఇరువది వాక్యములు తెనిగింపవచ్చును. ఇంగ్లీషు బాగుగా రానక్కరలేదు. తెలుగు బాగుగా రావలెను.

వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు కిటికీ ప్రక్కనున్న యంత్రముతో మొదలుపెట్టుదుము. అంతకుముందు అందులోని సభ్యుల ఫైళ్లు వేరు డిస్కునకు ఎత్తవలసియున్నది. మీవి ఏవైన నున్నచో శనివారములోగా గుమాస్తాతో చెప్పుడు. పాత తెలుగు ఫాంట్లలో నున్న కాగితములు వేరుగా చూపుడు, వానిని యూనికోడులోనికి మార్చు ప్రయత్నము చేసెదము. ఆర్చి చిన్నవాడును వచ్చెదనని మాట ఇచ్చినాడు.